బడులకు ర్యాంకులు కట్టేవారి లెక్క

మే నెల చివరికొచ్చిందంటే కర్ణాటకలోని రాయచూరు జిల్లా సింధనూరులో వడ్ల ధర తర్వాత ఎక్కువగా నలిగే మాట బడులదే. ఫలానా సర్కారు బడి నయం, ఫలానాది దండగ. అక్కడి నుంచి ఇద్దరికి నవోదయ సీటొచ్చింది, ఇక్కడి నుంచి ఒక్కరికీ రాలేదు. ఆ బడిలో నాలుగు వందల మంది, ఈ బడిలో నలభై మందే, జనమేమైనా పిచ్చివాళ్లా? టీకొట్టు దగ్గర మొదలైన ఈ తీర్పు నగరసభ సభ్యుడి ప్రసంగంలోకీ, పత్రికల జిల్లా పేజీలోకీ పాకుతుంది. మాన్వి, లింగసుగూరు, దేవదుర్గ, మస్కి ఎక్కడికెళ్లినా ఇదే తంతు. దీని వెనక గట్టి నమ్మకం ఒకటుంది. ఒకే ఊరు, ఒకే ప్రభుత్వం, ఒకే పాఠ్యక్రమం, ఒకే జీతం ఉన్నప్పుడు ఫలితాల్లో తేడా వచ్చిందంటే అది మేష్టర్ల పుణ్యమో పాపమో తప్ప మరొకటి కాదని.

వినడానికి న్యాయంగానే ఉంటుంది. విప్పి చూస్తే ఇందులో నిలబడేది చాలా తక్కువ.

మొదట ఊరి సంగతి. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయి, ఎడమ కాలువకు నీళ్లొచ్చాక సింధనూరు తాలూకా రూపే మారిపోయింది. కోస్తా ఆంధ్ర నుంచి రైతులు వచ్చి భూములు కొన్నారు, క్యాంపులు వెలిశాయి. ఆ తర్వాత తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కాందిశీకులకు ఇదే తాలూకాలో పునరావాస క్యాంపులు కట్టారు. వీటన్నిటికంటే ముందునుంచే కన్నడ పల్లెలూ, ఉర్దూ మాట్లాడే పేటలూ, లంబాణీ తండాలూ ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో అరకొర కన్నడ మాట్లాడే క్యాంపు పిల్ల కన్నడ మాధ్యమం ఒకటో తరగతిలో కూర్చుంటుంది. ఆమె పక్కనే పుట్టినప్పటి నుంచీ కన్నడ తప్ప వేరే మాట వినని పిల్లవాడు కూర్చుంటాడు. మూడో తరగతికల్లా ఇద్దరి చేతా ఒకే కన్నడ పేరా చదివించి, ఎవరు ఎక్కడ తడబడ్డారో రాసుకుని, ఆ లెక్కను బడి పేరు కింద వేస్తే కొలిచింది బడినా, ఇంటి భాషనా?

భాష ఒక్కటే కాదు, అక్షరం ఇంట్లోకి ఎప్పుడొచ్చిందన్నదీ చూడాలి. రాయచూరు 1948 దాకా నిజాం ఏలుబడిలో ఉండి, 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో కలిసింది. మైసూరు రాజులు బడులు పెట్టించిన పాత మైసూరు ప్రాంతంతో, మిషనరీ పాఠశాలలు ముందే వేళ్లూనిన మంగళూరు తీరంతో పోలిస్తే ఇక్కడ చదువు ఆలస్యంగా మొదలైంది. 2011 జనాభా లెక్కల్లో కర్ణాటక అక్షరాస్యత 75 శాతం దాటితే రాయచూరు జిల్లాది 60 శాతానికి కాస్త తక్కువ. స్త్రీలలో సగం మందికి కూడా చదువు రాదు. అంటే పలక పట్టుకుని ఇంటికెళ్లిన పిల్లకు 'ఇదేం అక్షరమే' అని అడగగల తల్లి ఉన్న ఇళ్లు, లేని ఇళ్లు దాదాపు చెరిసగం. ఈ సగాలు ఊళ్లో సమంగా చల్లినట్టు ఉండవు. ఉద్యోగుల కాలనీ దగ్గరి బడికి ఒక సగం, హమాలీలూ వ్యవసాయ కూలీలూ ఉండే పేట బడికి రెండో సగం వెళుతుంది. రెండు బడుల మధ్య దూరం మైలు కూడా ఉండకపోవచ్చు.

ఇక ఒకే జీతం, ఒకే మేష్టర్లు అన్న మాట. ఇది అన్నింటికంటే పెద్ద బూటకం. కర్ణాటక ఉపాధ్యాయ బదిలీల చట్టం బడులను ఎ, బి, సి అని మూడు మండలాలుగా విడగొడుతుంది. పట్టణంలోవి ఎ, దూరపు పల్లెలవి సి. పట్టణంలో చోటు దొరికిన ఉపాధ్యాయుడు కదలడానికి ఇష్టపడడు, సి మండలంలో పడ్డవాడు ఉండడానికి ఇష్టపడడు. ఇద్దరినీ తప్పుపట్టలేం, పిల్లల చదువులు వాళ్లకూ ఉంటాయి. ఖాళీ అయిన చోట అతిథి శిక్షకులు వస్తారు. నెలకు పది పన్నెండు వేల గౌరవ వేతనం, అదీ విద్యా సంవత్సరం నడిచినన్నాళ్లే. బడి జూన్‌లో తెరిస్తే వాళ్ల నియామకం తర్వాతెప్పుడో జరుగుతుంది, మరుసటి ఏడు మళ్లీ మొదటికొస్తుంది. ఒక బడిలో మూడో తరగతి పిల్లలకు మూడేళ్లూ ఒకే టీచరమ్మ. ఇంకో బడిలో మూడేళ్లకు ముగ్గురు, మధ్యలో ఎవరూ లేని నెలలు. ఈ రెండింటి ఫలితాలను పక్కపక్కన పెట్టి 'చూడండి, అంకితభావం అంటే ఇదీ' అని ఉపన్యాసం ఇవ్వడానికి చాలా ధైర్యం కావాలి.

ఖాళీలు ఏ మేరకున్నాయో ప్రభుత్వం తన చేతలతోనే ఒప్పుకుంది. 2022లో ఆరు నుంచి ఎనిమిది తరగతుల కోసం 15,000 పట్టభద్ర ఉపాధ్యాయ పోస్టులకు ప్రకటన ఇచ్చినప్పుడు అందులో 5,000 రాయచూరు ఉన్న కల్యాణ కర్ణాటక ప్రాంతానికే కేటాయించింది. 31 జిల్లాల రాష్ట్రంలో ఏడు జిల్లాలకు మూడో వంతు.

అందినదాన్ని బట్టే ఫలితం ఉంటుందన్న సంగతిని తుంగభద్ర ఎడమ కాలువ చివరి భూముల రైతులు అందరికంటే బాగా అర్థం చేసుకోగలరు. మాన్వి, రాయచూరు తాలూకాల చివరి మడులకు నీరందని ఏడాది అక్కడి దిగుబడి పడిపోతుంది. ఎగువన రెండు పంటలు తీసిన రైతు తెలివైనవాడనీ, దిగువన చేను ఎండిన రైతు సోమరి అనీ ఈ జిల్లాలో ఎవరూ అనరు. ఎన్ని రోజులు నీరొచ్చిందో అడుగుతారు, తూముల దగ్గరికెళ్తారు, నీటిపారుదల ఇంజనీరును నిలదీస్తారు. అదే మనుషులు బడి దగ్గరికొచ్చేసరికి దిగుబడి ఒక్కటే చూస్తారు.

నవోదయ లెక్క మరీ విడ్డూరం. ప్రాథమిక బడులకు పబ్లిక్ పరీక్ష లేదు కాబట్టి ఊళ్లో జనం ఐదో తరగతి తర్వాతి ప్రవేశ పరీక్షలను కొలబద్దగా వాడుకుంటారు. జవహర్ నవోదయ, మొరార్జీ దేశాయి వసతి పాఠశాల, కిత్తూరు రాణి చెన్నమ్మ వసతి పాఠశాల, అన్నిటికీ ఆరో తరగతి ప్రవేశమే. నవోదయలో ఏడాదికి సీట్లు 80. జిల్లా మొత్తానికి. ఆ పరీక్షకు కోచింగ్ కేంద్రాలు వెలిశాయి. అక్కడ ఫీజు కట్టగలిగిన తండ్రి కొడుకు సీటు తెచ్చుకుంటే పేరు సర్కారు బడి గోడ మీదికెక్కుతుంది. అది సరే అనుకుందాం. తర్వాత జరిగేదేమిటి? ఐదో తరగతిలో మెరికల్లాంటి పిల్లలను తయారుచేసిన ఉన్నత ప్రాథమిక బడి వాళ్లను ఒక్క వేసవిలో పోగొట్టుకుంటుంది. అదే బడిలో ఆరు, ఏడు తరగతుల పరీక్ష పెడితే సగటు దిగజారి కనిపిస్తుంది. బాగా పాఠం చెప్పినందుకు శిక్ష. ఎవరినీ ఎక్కడికీ పంపలేని బడి మాత్రం తన పిల్లలందరినీ అట్టిపెట్టుకుని ఏడో తరగతి పట్టీలో పైన కూర్చుంటుంది.

సంఖ్యాబలం వాదన ఇంకో రకం. పిల్లలెక్కువ ఉన్న బడి మంచిదట, తక్కువ ఉన్నది చెడ్డదట. విద్యాహక్కు చట్టం ఐదో తరగతి దాకా 30 మందికి ఒక ఉపాధ్యాయుడు ఉండాలంటుంది. బస్టాండు దగ్గరి బడిలో ఇంగ్లీషు విభాగం తెరిచారని తెలియగానే జనం విరగబడి చేరుస్తారు. కర్ణాటక ప్రభుత్వం 2019లో వెయ్యి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం మొదలుపెట్టినప్పటి నుంచీ ఈ ఒరవడి పెరిగింది. ఒక గదిలో అరవై మందిని కుక్కిన ఆ బడికి ఊరి మెప్పు. ఖాళీ అయిన బడికి మరో వేటు పడుతుంది: పిల్లలు తగ్గారు గనుక అక్కడి ఉపాధ్యాయుడు 'హెచ్చువరి', అంటే అదనపు మనిషి, అతన్ని వేరే చోటికి పంపేస్తారు. ఐదు తరగతులకు ఇద్దరు మిగులుతారు, తర్వాత ఒక్కరు. ఆ స్థితి చూసి ఉన్న తల్లిదండ్రులు కూడా పిల్లలను మార్చేస్తారు. అప్పుడు ర్యాంకుల పెద్దమనిషి వచ్చి, మేం ముందే చెప్పలేదా అంటాడు.

పక్కనే ఉన్న ఆంధ్రప్రదేశ్ ఈ దారి చివరి దాకా వెళ్లి వచ్చింది. 2022లో జీవో 117తో మూడు, నాలుగు, ఐదు తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించారు. పెద్ద బడి, సబ్జెక్టు టీచర్లు, ఎక్కువమంది పిల్లలు అని కాగితం మీద అన్నీ పోలికలో నెగ్గేవే. ఎనిమిదేళ్ల పిల్ల రోడ్డు దాటి దూరం నడవాలన్నది కాగితంలో లేదు. తల్లిదండ్రులు గేట్ల ముందు కూర్చున్నారు. ప్రభుత్వం మారాక ఆ జీవో రద్దయింది. ఈలోగా ఎన్ని ప్రాథమిక బడులు ఒకటి రెండు తరగతులతో బోసిపోయాయో అక్కడి పల్లెలకు తెలుసు.

చిన్న బడుల విషయంలో పట్టీ మరో మోసం చేస్తుంది. క్యాంపు బడి నాలుగో తరగతిలో ఎనిమిది మంది ఉన్నారనుకోండి. ఇద్దరు తల్లిదండ్రుల వెంట బెంగళూరు కట్టడం పనులకు వెళ్లి మూడు నెలలకు తిరిగొచ్చారు. ఆ ఇద్దరూ పరీక్షలో వెనకబడితే బడి నూటికి నూరు నుంచి ఒక్కసారిగా 75కు జారుతుంది. ఎనభై మంది ఉన్న పట్టణ బడిలో అదే ఇద్దరి వల్ల రెండున్నర శాతం కదులుతుంది, ఎవరూ గమనించరు. అందుకే ఏ జాబితాలోనైనా పై కొసనా కింది కొసనా చిన్న బడులే ఎక్కువగా కనబడతాయి. అమెరికాలో గేట్స్ ఫౌండేషన్ ఈ శతాబ్దం మొదట్లో చిన్న బడులే మంచివని నమ్మి కోట్ల డాలర్లు కుమ్మరించింది. జాబితా కింది కొసను కూడా చూసి ఉంటే అక్కడా చిన్న బడులే కనిపించేవని గణాంక శాస్త్రవేత్త హోవర్డ్ వైనర్ తర్వాత ఎత్తి చూపాడు.

ఇంతకీ ఆ ఫలితాలైనా నిజమా? 2024లో కర్ణాటక పదో తరగతి పరీక్ష గదుల్లో కెమెరాలు పెట్టి వెబ్‌కాస్టింగ్ చేశారు. అంతకు ముందు ఏడాది 83.89 శాతం ఉన్న ఉత్తీర్ణత, భారీగా గ్రేస్ మార్కులు కలిపాక కూడా 73.40కి దిగింది. పిల్లలు ఒక్క ఏడాదిలో మొద్దుబారిపోలేదు, ఉపాధ్యాయులు చదువు చెప్పడం మరిచిపోలేదు. కెమెరా వచ్చింది, అంతే. అంతవరకూ ఆ శాతాలను పట్టుకుని బడులకు సన్మానాలు చేసినవారు సన్మానించింది దేన్నో ఒకసారి ఆలోచించుకోవాలి. ఇది మన దగ్గరి జాడ్యం మాత్రమే అనుకోనక్కర్లేదు. అమెరికాలోని అట్లాంటా నగరంలో మార్కులకు బహుమానాలు, మార్కులు రాకపోతే ఉద్యోగ భయం పెట్టిన ఫలితంగా 44 బడుల్లో 178 మంది ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయులు మోసాల్లో పాలుపంచుకున్నారని 2011లో విచారణ తేల్చింది. పిల్లల జవాబు పత్రాలను చెరిపి దిద్దింది టీచర్లే. వాళ్ల పిల్లల్లో ఎక్కువమంది నల్లజాతి పేదలు. మార్కులు పెరిగినట్టు కనబడటంతో వాళ్లకు అందాల్సిన అదనపు సాయం అందకుండా పోయింది.

ఇక్కడ ప్రైవేటు బడుల పక్షం మాట్లాడేవారు నవ్వుతారు: ఈ గొడవంతా ఎందుకు, కాన్వెంటులో వేస్తే పోదా? ఈ ప్రశ్నకు తెలుగునేల మీదే గట్టి జవాబు దొరికింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాల్లో, 180 ఊళ్లలో 2008 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక ప్రయోగం చేశారు. సర్కారు బడి పిల్లల నుంచి దరఖాస్తులు తీసుకుని, లాటరీ వేసి, గెలిచినవారికి ప్రైవేటు బడి ఫీజు కట్టారు. పైపైన చూస్తే ప్రైవేటు బడుల పిల్లలు మార్కుల్లో చాలా ముందున్నారు. కానీ లాటరీలో గెలిచి వెళ్లినవారినీ, ఓడి సర్కారు బడిలోనే ఉండిపోయినవారినీ నాలుగేళ్ల తర్వాత పోల్చి చూస్తే తెలుగులో, లెక్కల్లో తేడా లేదు. హిందీలో మాత్రం వెళ్లినవారు ముందున్నారు. ఒకే రకం ఇళ్ల పిల్లలను పోల్చేసరికి బడి గొప్పతనం అనుకున్నదాంట్లో చాలా భాగం కరిగిపోయింది. ప్రైవేటు బడి అదే పనిని మూడో వంతు కంటే తక్కువ ఖర్చుతో చేసిందన్నదీ ఆ అధ్యయనంలోనే ఉంది, దాన్ని దాచనక్కర్లేదు. అయితే ఆ ఆదాలో పెద్ద భాగం టీచర్లకిచ్చే చవక జీతాల నుంచి వచ్చిందేనని కూడా చెప్పుకోవాలి. సర్కారు ఆ కిటుకును అతిథి శిక్షకుల రూపంలో ఎప్పుడో నేర్చుకుంది.

ఇవన్నీ విని కొందరు ఉపాధ్యాయ నాయకులు రెండో కొసకు వెళ్తారు: బడులను పోల్చడమే తప్పు, ఎవరి కష్టం వారిది. ఈ మాటనూ ఒప్పుకోవడానికి వీల్లేదు. పేదల పేటలో ఉన్న రెండు బడుల్లో ఒక దానిలో పిల్లలు చదవడం నేర్చుకుని, మరో దానిలో ఐదో తరగతిలోనూ పేరు రాయలేకపోతే ఆ తేడాను అడిగే హక్కు తల్లికి ఉంది. పోలిక ఉండాలి. ఏమిచ్చారో, ఎక్కడ మొదలుపెట్టారో, ఎక్కడిదాకా తెచ్చారో అడిగే పోలిక కావాలి.

అలాంటిది ఈ జిల్లాలోనే ఒకసారి జరిగింది. 2002లో కర్ణాటక ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ కలిసి రాయచూరుతో సహా ఈశాన్య కర్ణాటకలోని ఏడు జిల్లాల్లో అభ్యాస భరోసా కార్యక్రమం నడిపాయి. ఇష్టమున్న బడి తనంతట తాను ముందుకొచ్చి పరీక్షకు నిలబడాలి. చూసేవి మూడు: ఊళ్లో పిల్లలందరూ బడిలో చేరారా, చేరినవారు క్రమంగా వస్తున్నారా, వచ్చినవారికి చదువు వచ్చిందా. ర్యాంకులు లేవు, గీత దాటిన బడి ప్రతిదీ గెలిచినట్టే. మొదటి విడత దాదాపు తొమ్మిది వందల బడులను పరీక్షిస్తే గీత దాటినవి 40. ఆ సంఖ్య చూసి విస్తుపోయినవారు ఉన్నారు. కానీ అందులో నిజాయితీ ఉంది: పక్క బడిని కిందికి తోసి ఏ బడీ పైకి రాలేదు, మందకొడి పిల్లలను పరీక్ష రోజు ఇంటిదగ్గర ఉంచితే హాజరు లెక్క ముంచుతుంది. గెలిచిన బడికి బహుమతి ఇచ్చి బడులను కదిలించాలన్న ఆలోచన ఎంతవరకు సరైనదన్నది వేరే చర్చ. కొలిచే పద్ధతి మాత్రం ఈనాటి పట్టీల కంటే చాలా మెరుగు.

రాయచూరు జిల్లాను ఢిల్లీ ఎలా కొలుస్తోందో చూసినా విషయం తేలిపోతుంది. 2018లో నీతి ఆయోగ్ దేశంలో 112 జిల్లాలను ఆకాంక్షిత జిల్లాలుగా ఎంచినప్పుడు కర్ణాటక నుంచి తీసుకున్నవి రెండే, రాయచూరు, యాదగిరి. వాటికి ర్యాంకులు ఇచ్చేది ఉడుపితోనో మంగళూరుతోనో పోల్చి కాదు. గత నెల ఎక్కడుంది, ఈ నెల ఎంత కదిలిందన్న తేడాను బట్టి. పథకాల్లోనూ ఈ ప్రాంతాన్ని వేరుగానే చూశారు. మధ్యాహ్న భోజనం 'అక్షర దాసోహ' 2002లో ముందుగా ఈశాన్య జిల్లాల్లో పెట్టారు. గుడ్డు కూడా 2021 డిసెంబరులో ముందుగా ఈ వైపు జిల్లాలకే వచ్చింది. రాజ్యాంగంలో 371-జె అధికరణం ఈ ప్రాంతం కోసమే చేరింది. ఈ రాయితీలన్నీ న్యాయమేనని వేదికలెక్కి చెప్పే నాయకులే, ఊళ్లోకి దిగాక పేట బడినీ కాలనీ బడినీ ఒకే గీత మీద నిలబెట్టి తీర్పు చెబుతారు. జిల్లాకు వర్తించే న్యాయం బడి గేటు దగ్గర ఎందుకు ఆగిపోతుందో వాళ్లే చెప్పాలి.

ఎక్కడ మొదలై ఎంత కదిలారో చూడాలన్న ఆలోచన తరగతి గదిలో కూడా కొత్తదేం కాదు. ఒకటి నుంచి మూడు తరగతుల దాకా కర్ణాటక సర్కారు కన్నడ బడులన్నిటిలో 2009 నుంచి నడుస్తున్న 'నలి-కలి' పద్ధతికి మూలం మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ. అక్కడి పల్లె బడుల కార్డులూ మెట్లూ చూసొచ్చిన మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె ఉపాధ్యాయులు 1995లో దాన్ని తమ బడులకు అనువుగా మలచుకున్నారు. పిల్ల తన మెట్టు మీద తాను ఎక్కుతుంది. గోడకున్న ప్రగతి పట్టికలో ఎవరు ఏ మెట్టు మీదున్నారో కనిపిస్తుంది. జూన్‌లో ఐదో మెట్టు మీదున్న క్యాంపు పిల్ల మార్చికి ఎన్ని మెట్లెక్కిందో చెప్పే కాగితం ప్రతి గదిలోనూ ఉంటుంది. ఊరి పెద్దమనుషులు ఆ గోడ వైపు చూడరు, నవోదయ జాబితా వైపు చూస్తారు.

చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది స్త్రీలు. కర్ణాటకలో ఎస్‌డీఎంసీ అని పిలిచే ఈ కమిటీ చాలా చోట్ల జెండా పండుగలకూ సంతకాలకూ పరిమితం. ఆ తల్లులు బ్లాక్ విద్యాధికారి (బీఈఓ) కార్యాలయానికి వెళ్లి అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. నిరుడు మా బడిలో మంజూరైన పోస్టులెన్ని, నిజంగా టీచరున్న రోజులెన్ని? అతిథి శిక్షకురాలు ఏ తేదీన చేరింది? ఒకటో తరగతిలో చేరినవారిలో ఐదు దాకా ఇక్కడే ఉన్నవారెందరు, వాళ్లలో చదవగలిగేవారెందరు? పత్తి తీసే నెలల్లో హాజరెంత? చివరిది ముఖ్యం. బడుల గణాంకాలకు చాలాకాలం సెప్టెంబరు 30ని గీటుగా పెట్టుకున్నారు. అప్పటికి చేలల్లో పత్తి ఇంకా పూర్తిగా విచ్చుకోదు, పిల్లలు బడిలోనే ఉంటారు. డిసెంబరు, జనవరిలో అదే బడికి వెళ్తే బెంచీలు వేరే లెక్క చెబుతాయి. వలస వెళ్లిన ఇళ్ల పిల్లలను ఆ రెండు నెలలూ ఊళ్లోనే ఉంచి చదివించగలిగిన బడి ఏదో, చేతులెత్తేసిన బడి ఏదో అప్పుడే తెలుస్తుంది. ఆ హాజరు పట్టీలు క్లస్టరు రిసోర్స్ పర్సన్ (సీఆర్‌పీ) చేతుల మీదుగా బీఈఓ కార్యాలయానికే చేరతాయి. ఎవరైనా అడిగితే తీసి చూపించాలి, పోల్చాలనుకునేవారు మొదట వాటినే అడగాలి.